‘ఆయ్’ అంటే అవుననుకున్నాను

మనిషికి అన్నీ తెలిసిపోయిన వయసు ఒకటుంటుంది. నాకది ఇరవై నాలుగో ఏట వచ్చింది. వచ్చి, దాదాపు ఏడాదిపాటు నాతో కాపురం చేసి, అమలాపురంలో నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఎంత బతిమాలినా మళ్ళీ రాలేదు. ఇప్పుడు నన్నెవరైనా ‘ఆ మనిషి ఎందుకలా చేస్తున్నాడంటారు?’ అని అడిగితే బుర్ర గోక్కుని, ‘ఏమోనండీ, చూడాలి’ అంటాను. అప్పట్లో అయితే ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేవాణ్ణి. జవాబుతో పాటు ఒక బొమ్మ కూడా గీసి ఇచ్చేవాణ్ణి (దాని సంగతి ఇప్పుడే చెబుతాను).

నేను చదివింది మనస్తత్వశాస్త్రం. ఆఖరి ఏడాది ప్రత్యేకంగా తీసుకున్న పేపరు పేరు ఎకోసిస్టమిక్ సైకాలజీ. ఆ పేరు నోరు తిరగక మా నాన్న దాన్ని ‘పర్యావరణం చదువు’ అని అందరికీ చెప్పుకున్నాడు. నాకు మొక్కలు నాటించే ఉద్యోగం వస్తుందని మా మేనమామ చాలాకాలం నమ్మాడు కూడాను. అసలు విషయం చాలా సులువు. ఒక మనిషిని విడిగా కూర్చోబెట్టి ఇతనికేం జబ్బు అని అడగకూడదు. అతని చుట్టూ ఎవరున్నారు, వాళ్ళు ఏమంటే ఇతనేమంటాడు, ఇతనేమంటే వాళ్ళేమంటారు అని చూడాలి. కష్టం మనిషి లోపల ఉండదు, మనిషికీ మనిషికీ మధ్య ఉంటుంది. కారణం ముందూ ఫలితం వెనకా వరసలో నిలబడవు, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతుంటాయి. ఆయన తాగుతాడు కాబట్టి ఆవిడ తిడుతుందా, ఆవిడ తిడుతుంది కాబట్టి ఆయన తాగుతాడా అంటే, రెండూనూ. ఎవరికి వాళ్ళు కథని తమకు నచ్చినచోట మొదలుపెట్టుకుంటారు కాబట్టి తప్పెప్పుడూ అవతలివాళ్ళదే అవుతుంది. పైగా ఏ ఇల్లయినా తన అలవాటు తప్పడానికి ఒప్పుకోదు. ఒకరు మారితే మిగతావాళ్ళు పాత చోటికే లాగుతారు. ఇదంతా నాకు ఎంత నచ్చిందంటే, కనిపించిన ప్రతి తగాదాకీ ఒక గుండ్రం గీసి, అందులో మనుషుల్ని చుక్కలుగా పెట్టి, బాణాలు వేసి చూపించేవాణ్ణి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మానాన్నల తగాదాకి కూడా గీశాను. మా అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ‘ఈ సున్నా కోసమేనా రా ఇన్నేండ్లు చదివించింది?’ అంది.

ఆ గుండ్రం గీసేవాడు ఎక్కడ నిలబడి గీస్తున్నాడు అన్న సంగతి కూడా ఆ పేపరులోనే ఉంది. బయట నిలబడి చూడడం అనేది లేదనీ, చూడడం మొదలుపెట్టగానే చూసేవాడు కూడా లోపలివాడైపోతాడనీ, వాడికి తెలిసిందల్లా వాడున్న చోటు నుంచి తెలిసిందేననీ. అది ఆఖరి పాఠం. పరీక్షలో రాదని సీనియర్లు అభయమిచ్చారు. నేను చదవలేదు.

అలా సగం సిద్ధాంతంతో, అనంతపురం జిల్లాలో ధర్మవరం అవతల నుంచి బయల్దేరి అమలాపురంలో దిగాను. ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు నడిపే కుటుంబ సలహా కేంద్రంలో ఉద్యోగం. మా సెక్రటరీగారు కొబ్బరి వ్యాపారం చేసుకుంటూ తీరిక వేళల్లో సమాజసేవ చేసే పెద్దమనిషి. నెలాఖరున వచ్చి కుర్చీలో కూర్చుని, ‘ఎన్ని కాపురాలు నిలబెట్టేరండీ ఈ నెల?’ అని, కాయలు ఎన్ని దింపేరు అని అడిగినంత మామూలుగా అడిగేవారు. ఎర్రవంతెన దగ్గర ఒక మేడ మీద గది దొరికింది. కింద ఇంటామె ఉండేది. ఊరంతా ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్ళు, నేనూ అన్నాను. ఎటు చూసినా నీళ్ళు, ఎటు చూసినా పచ్చదనం. మా ఊళ్ళో ఒక వేపచెట్టుకి ఉన్న గౌరవం అక్కడ ఒక తోటకి కూడా లేదు. మొదటి వారం రోజులూ కళ్ళు చల్లబడ్డాయి. ఆ తరవాత నాకు దిగులు పట్టుకుంది.

దిగులు దేనికంటే, మర్యాదకి. మా వైపు చనువుంటే ‘ఏమ్రా’ అంటారు, చనువు లేకపోయినా ‘ఏమ్రా’ అంటారు. బస్సులో కాలు తొక్కినవాడు కూడా ‘పక్కకి జరగరాదా’ అని మననే కోప్పడతాడు, దాంతో పరిచయం అయిపోతుంది. ఇక్కడ టీకొట్టాయన ‘టీ తాగుతారాండీ’ అంటాడు, మంగలాయన ‘కొంచెం తల వంచుతారాండీ’ అంటాడు. వీధిలో కుక్కని అదిలించేటప్పుడు కూడా ‘లేవండి’ అంటారేమోనని చెవి ఒగ్గి విన్నాను (అనరు). ఒక్కరూ నన్ను నువ్వు అనలేదు. ఒక్కరూ నాతో పోట్లాడలేదు. సాయంత్రం మా అమ్మ ఫోన్ చేసి ‘తింటివా?’ అనేది, నేను ‘తింటి’ అనేవాణ్ణి, అంతటితో ఆ రోజుకి మాటలు ఐపోయేవి. ఆదివారాలు మరీ పెద్దవిగా ఉండేవి. ఊరికే మనుషుల మాటలు వినపడతాయని బస్టాండుకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకసారి ఒక కండక్టరు నన్ను చూసి, ‘ఎక్కడికండీ, రాజోలా?’ అని ఎంత ఆప్యాయంగా అడిగాడంటే, కాదంటే నొచ్చుకుంటాడేమోనని టికెట్టు తీసుకుని రాజోలు వెళ్ళి, అక్కడ దిగి, అదే బస్సులో వెనక్కి వచ్చాను. ఆ కండక్టరు ఏమీ అడగకుండా నవ్వి, నా పక్క సీటులో తన సంచీ పెట్టుకున్నాడు. ఆ ఆదివారం నాకు బాగానే గడిచింది.

ఇక ‘ఆయ్’ సంగతి. సాయంత్రాలు మామ్మగారు వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేను మెట్ల మీద కూర్చుని కుటుంబ వ్యవస్థల గురించి చెప్పేవాణ్ణి. కారణం గుండ్రంగా తిరుగుతుంది మామ్మగారూ అంటే ‘ఆయ్’ అనేది. ఒకరిలో లోపం వెతకడం అన్యాయం మామ్మగారూ అంటే ‘ఆయ్’. మా యూనివర్సిటీలో ప్రొఫెసర్లు సైతం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న సంగతుల్ని ఆవిడ ఒక్కో చిక్కుడుకాయకి ఒక్కటి చొప్పున ఒప్పేసుకునేది. ఆఫీసుకి వచ్చేవాళ్ళూ అంతే. నేనేం చెప్పినా ‘ఆయ్’. ఇంత తెలివైన జిల్లా ఇంకోటి లేదని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అటువంటి దశలో ఒక బుధవారం ఉప్పలగుప్తం వైపు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పుష్కరకాలం కువైట్‌లో డ్రైవరుగా చేసి, ఇక చాలని వచ్చేసి, ఊళ్ళో రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. పొడుగు మనిషి. కుర్చీ అంచున, ఎవరైనా లేవమంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చున్నాడు. ఆవిడ చిన్నగా, చురుగ్గా ఉంది.

‘‘చెప్పండమ్మా’’ అన్నాను.

‘‘ఏం చెప్పమంటారండీ. మా ఆయనండి. మాట్లాడరండి.’’

‘‘అస్సలు మాట్లాడరా?’’

‘‘ఇంట్లో మాట్లాడరండి. ఫోన్లో అయితే బ్రహ్మాండంగా మాట్లాడతారండి.’’

మెల్లగా సంగతి బయటపడింది. అన్నేళ్ళూ వాళ్ళు కాపురం ఫోన్లోనే చేశారు. ఆయన డ్యూటీ దిగాక ఫోన్ చేసేవాడు. ఏం కూర వండావు దగ్గర్నుంచి గోడకి ఏ రంగు వేయించాలి దాకా అందులోనే. నవ్వుకోవడం, అలగడం, బతిమాలుకోవడం, అన్నీ. తీరా మనిషి వచ్చి ఎదురుగా కూర్చునేసరికి ఇద్దరికీ నోరు పెగల్లేదు. కాసేపు కూర్చుని ఆయన లేచి చెరువు గట్టు మీదున్న మకాంకి, అంటే కాపలా పాకకి, వెళ్ళిపోతాడు. వెళ్ళి అక్కణ్ణుంచి ఫోన్ చేస్తాడు. ఫోన్లో గంటసేపు హాయిగా మాట్లాడుకుంటారు. తరవాత ఇంటికొచ్చి, ఫోన్లో విన్న కూరతోనే అన్నం తిని, ఒక్క మాటయినా మాట్లాడకుండా పడుకుంటాడు.

‘‘ఎదురుగుండా మనిషిని పెట్టుకుని ఫోన్ కోసం ఎదురుచూడ్డం ఏంటండీ’’ అంది ఆవిడ. ‘‘ఇంతకంటే అక్కడుండడమే నయం, మళ్ళీ వెళ్ళిపోతానంటున్నారండి. ఈసారి వెళ్తే మట్టుకు నావల్ల కాదండి. నేనిక ఎదురుచూడలేనండి.’’

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను ఆయన వైపు తిరిగి, ‘‘మీరేమంటారు?’’ అన్నాను.

‘‘ఆయ్’’ అన్నాడు. ‘‘ఇంట్లో ఉంటే చుట్టపుచూపుగా వచ్చినట్టుంటదండి. దాహమేసి అడుగుదామంటే ఆవిడ లేవాలండి. పోనీ నేనే తీసుకుందామంటే గ్లాసులెక్కడుంటాయో తెలీదండి. అందుకని మకాంకెళ్ళి తాగుతానండి’’ అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే, ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. నా గదిలో గ్లాసు ఎక్కడుందో నాకు తెలుసుగానీ, దాహమేస్తోందని చెప్పుకోడానికి నాకూ ఎవరూ లేరు. కానీ నాకు కనపడింది మనిషి కాదు, పాఠం. ఆవిడ సణిగితే ఆయన పోతాడు, ఆయన పోతే ఆవిడ సణుగుతుంది, మధ్యలో ఆ ఫోను ఇద్దర్నీ మారనివ్వకుండా ఉన్నచోటే ఉంచుతోంది! చప్పట్లు కొట్టుకోవాలనిపించింది. కాగితం తీసి గుండ్రం గీశాను. రెండు చుక్కలు పెట్టాను. బాణాలు వేశాను. పాకని కూడా వేశాను. చివరకి గొంతు సవరించుకుని, ఈ గుండ్రం తెగాలంటే మీరిద్దరూ ఇకనుంచి ఒకరికొకరు ఫోన్ చేసుకోకూడదు, రోజూ భోజనం అయ్యాక ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి అని ఆజ్ఞాపించాను.

‘‘అలాగే చేస్తారా?’’ అన్నాను.

‘‘ఆయ్’’ అన్నాడు ఆయన. ‘‘ఆయ్’’ అంది ఆవిడ. ఆ సాయంత్రం నేను పునుగులు కొనుక్కుని తిన్నాను, విజయోత్సవంగా.

తరవాతి బుధవారం వాళ్ళు రాలేదు. బాగుపడిపోయారు కాబోలు అనుకున్నాను (వయసు అలాంటిది). ఆ మరుసటి బుధవారం ఆవిడ ఒక్కతే వచ్చింది. చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

‘‘ఏజెంటుకి పాస్‌పోర్టు ఇచ్చేసేరు’’ అంది.

‘‘మరి మాట్లాడుకోలేదా?’’

‘‘ఏం మాట్లాడుకుంటామండి! ఎదురెదురుగా కూర్చున్నాం. ‘వాన పడేలా ఉంది’ అన్నారు. ‘అవునండి’ అన్నాను. ఐపోయింది. రెండో రోజు వాన పడింది, ఆ మాటా లేదు. ఫోనూ లేదు. రెండు వారాలూ ఇల్లు శ్మశానంలా ఉంది.’’

‘‘మీరిద్దరూ ఒప్పుకున్నాకే కదమ్మా...’’

‘‘ఎవరొప్పుకున్నారండి?’’

‘‘ఆయ్ అన్నారు కదా!’’

ఆవిడ నన్ను వింతగా చూసింది. ‘‘ఆయ్ అంటే విన్నామని అండి! పెద్ద చదువు చదివినాయన చెబుతుంటే ఆయ్ అనకుండా నోరు మూసుకుని కూర్చుంటామేంటండి? నేను మర్యాదకన్నాను. ఫోన్ వస్తే ఎత్తుదామనే ఉన్నాను. ఆయనా మర్యాదకే అన్నారంట. కానీ నేనన్నది నిజమనుకుని ఆయన ఫోన్ చెయ్యలేదు. ఆయనన్నది నిజమనుకుని నేను చెయ్యలేదు. మీ మీది మర్యాదకి మా కొంప మునిగింది!’’

నేను కాగితం కోసం సొరుగు లాగబోయాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు గుండ్రం కనపడింది. ఆవిడ అది చూసింది. చూడగానే ఆవిడ నోట్లోంచి ‘అండి’ మాయమైపోయింది.

‘‘నువ్వేం సారువయ్యా! ఉన్న ఒక్క దారీ మూసేసి మళ్ళీ సున్నాలు చుడతావా? ఎప్పుడైనా నీతో ఎవరైనా మాట్లాడితే కదా, మాట లేకపోతే ఎలా ఉంటదో నీకు తెలవడానికి! బుద్ధుందా నీకసలు?’’

నేను జవాబు చెప్పాలనే నోరు తెరిచాను. నోట్లోంచి మాటకి బదులు కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. తిట్టినందుకు కాదు. అన్ని నెలల్లో మొదటిసారి ఒక మనిషి నన్ను నువ్వు అంది. కోపంతోనైతేనేం, ‘బుద్ధుందా’ అని అడిగింది. మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినే మాట అది. చెవికి అమృతంలా తగిలింది. ఆ సంగతి ఆవిడకేం తెలుసు? హడలిపోయింది. ‘‘అయ్యయ్యో, ఏడవకండి సారూ, ఏదో నోరు జారేను’’ అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘‘నువ్వనే పిలవండి’’ అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. అదేం కోరికో ఆవిడకి అర్థంకాలేదు. పొద్దున్న ఏం తిన్నావంది. బ్రెడ్డు అన్నాను. నిన్న? బ్రెడ్డే. ఎవరున్నారిక్కడ? ఎవరూ లేరు. ఆదివారాలు ఏం చేస్తావు? రాజోలు వెళ్ళొస్తాను. రాజోల్లో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఆ రోజు సలహా కేంద్రంలో సలహా సంపూర్ణంగా జరిగింది. కాకపోతే తీసుకున్నది నేను.

తరవాత తెలిసిందేమిటంటే, ఆవిడ బస్సు దిగి ఇంటికి వెళ్ళేదాకా కూడా ఆగలేక, దారిలోంచే మకాంలో ఉన్న భర్తకి ఫోన్ చేసిందట. ‘ఏవండీ, ఆ సారు ఏడ్చేడండి!’ అని. ‘ఏమన్నావు నువ్వు?’ అని ఆయన కంగారు. ఫోన్ నిషేధం ఎగిరిపోయింది. ఆ సాయంత్రమంతా నా గురించి మాట్లాడుకున్నారట. ఆయన ఇంటికి వచ్చాక కూడా ఆ మాటలు ఆగలేదట. కువైట్‌లో తాను దిగిన కొత్తలో గదిలో ఒక్కడే కూర్చుని గోడకేసి చూస్తుండేవాణ్ణని ఆయన ఆ రోజే ఆవిడతో చెప్పాడట. అన్నేళ్ళ ఫోన్లలో ఒక్కనాడు కూడా ఆ మాట చెప్పలేదు, ఆవిడ బెంగపెట్టుకుంటుందని.

మరుసటి బుధవారం ఇద్దరూ వచ్చారు, క్యారేజీతో. ఆవిడ మూత తీసింది.

‘‘రొయ్యల ఇగురండి. మన చెరువులోవే.’’

‘‘చెప్పేను కదా, సీమ వైపువాళ్ళు తినరేమోనని. ముందు అడగాలి’’ అన్నాడాయన, ఆవిడ వైపు తిరిగి.

‘‘అడిగితే వద్దంటారండి. మొహమాటం మనిషి. చూడట్లేదా మీరు?’’

‘‘మొహమాటం వేరు, పడకపోవడం వేరు. ఒంటి మీద దద్దుర్లొస్తే ఎవరు చూస్తారు? గదిలో ఒక్కడే ఉంటాడు.’’

‘‘అందుకే చారు కూడా తెచ్చేనండి.’’

‘‘చారు తెమ్మని చెప్పింది నేను.’’

‘‘మీరు చెప్పింది పప్పుచారండి. ఇది మిరియాల చారు.’’

వాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, ఫోను లేకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పోట్లాడుకుంటున్నారు. నేను జన్మలో రొయ్య తినలేదు. దాన్ని ఎటునుంచి కొరకాలో కూడా తెలీదు. అయినా ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాను. నా వృత్తిజీవితంలో నేను చేసిన మొదటి మంచి పని అదే. పాస్‌పోర్టు సంగతి అడిగితే మట్టుకు ఇద్దరూ తలలు దించుకున్నారు. ‘‘ఏజెంటు దగ్గరే ఉందండి’’ అన్నాడాయన. కాబట్టి మళ్ళీ వచ్చే బుధవారం రమ్మన్నాను.

అప్పట్నుంచి నా బుధవారాలు మొదలయ్యాయి. ముందు నేను సారునుంచి తమ్ముడుగారినయ్యాను. తరవాత గారు కూడా రాలిపోయి తమ్ముణ్ణయ్యాను. ఆవిడ అక్క, ఆయన బావ. కిటుకేమిటంటే, మూడోమనిషి కష్టం మధ్యలో ఉంటే వాళ్ళిద్దరికీ మాట తెగదు. నా చొక్కా కాలరు నలిగిందని ఒక అరగంట, గదిలో ఫ్యాను తిరగడం లేదంటే ఒక గంట. (దీన్ని నేను కనిపెట్టిన పద్ధతి అని సెక్రటరీగారికి చెప్పాను. ఆయన ‘ఆయ్’ అన్నారు. ఈసారి దాన్ని అవునని లెక్కేసుకోలేదు.) నేను కులాసాగా కనిపించిన వారం వాళ్ళకి మాటలు తగ్గినట్టనిపించేది. దాంతో కష్టం లేని వారాల్లో కూడా ఒక కష్టం సిద్ధం చేసుకుని వెళ్ళేవాణ్ణి. లేని తలనొప్పి తెచ్చుకున్నాను. పాపం మామ్మగారిని నీళ్ళ మోటారు వెయ్యని మనిషిగా చిత్రించాను. ఒక బుధవారం ఏమీ తోచక చొక్కా గుండీ నేనే తెంపుకున్నాను. బావ మళ్ళీ కువైట్ వెళ్ళకుండా ఆపుతున్నది నా గుండీయే అని మనస్ఫూర్తిగా నమ్మాను.

అలా కొన్నాళ్ళు గడిచాక ఒకరోజు కోర్టు దగ్గర పనిపడి ఆఫీసుకి ఆలస్యంగా వచ్చాను. వరండాలో ఉండగానే లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. అక్కా బావా అప్పటికే వచ్చి కూర్చున్నారు.

‘‘పంచదార డబ్బాలో ఉప్పు పోసిందెవరండీ మరి?’’ అంటోంది ఆవిడ.

‘‘రెండూ తెల్లగానే ఉంటాయి. డబ్బా మీద రాసుకో.’’

‘‘ఇంట్లో ఇద్దరమే. ఎవరికోసం రాయాలండి?’’

మళ్ళీ నవ్వు. గ్లాసులెక్కడుంటాయో తెలియని మనిషి పంచదార డబ్బాల దాకా వెళ్ళాడన్నమాట. చెరువు మాటలు, నీళ్ళు మార్చే మాటలు, వదినగారింటి పెళ్ళికి ఎవరు వెళ్ళాలన్న మాటలు, గలగలా దొర్లుతున్నాయి. నా ప్రస్తావన ఎక్కడా లేదు. నేను గుమ్మం దాటబోతూ ఆగిపోయాను.

‘‘పాస్‌పోర్టు వెనక్కి తెచ్చేసుకున్నానని చెప్పేద్దామంటావా?’’ అన్నాడు బావ. ‘‘ఎన్నాళ్ళని దాస్తాం?’’

‘‘చెప్తే బాగుపడ్డారని కేసు మూసేస్తాడండి. మూసేస్తే బుధవారం ఆ కుర్రాడు ఏం తింటాడు? ఎవరితో మాట్లాడతాడు? వాడే కోలుకోలేదింకా. పోయినవారం గుండీ కూడా లేదు, చూళ్ళేదా?’’

‘‘అదీ నిజమేలే. వాడొచ్చే వేళయింది. మొహం ముడుచుకో.’’

‘‘ముందు మీరు ముడుచుకోండి. పోయినవారం నవ్వేసేరు.’’

నేను చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశాను. ఎదురుగా పాన్‌షాపు నీడలో నిలబడ్డాను. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళ మాట కోసం నేను కష్టాలు కల్పించుకుంటున్నాను, నా అన్నం కోసం వాళ్ళు కష్టాలు కల్పించుకుంటున్నారు. ఎవరి వైద్యం ఎవరు చేస్తున్నట్టు? ఎక్కణ్ణుంచి చెప్పడం మొదలుపెడితే ఎవరు రోగి? పరీక్షలో రాదన్న ఆఖరి పాఠం నన్ను అమలాపురం రోడ్డు మీద నిలబెట్టి అడిగింది. నా గుండ్రంలో రెండే చుక్కలు పెట్టుకుని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. మూడో చుక్క ఎండలో, చేతిలో కోర్టు కాగితాలతో, గుండీ ఊడిన చొక్కాతో నిలబడి ఉంది.

కాసేపాగి, గట్టిగా దగ్గుతూ మళ్ళీ మెట్లెక్కాను. ఇద్దరూ చెరో గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

‘‘ఎలా ఉంది ఈ వారం?’’

‘‘ఏం చెప్పమంటారండీ’’ అంది అక్క, నిట్టూర్చి. పని ఉన్నప్పుడు మళ్ళీ అండీ పెట్టేది. ‘‘మళ్ళీ మాటల్లేవండి.’’

‘‘అలాగా. అయితే ఇంకొన్నాళ్ళు రావలసి ఉంటుంది’’ అన్నాను గంభీరంగా.

‘‘ఆయ్’’ అన్నారిద్దరూ, చాలా తేలిగ్గా ఊపిరి తీసుకుని.

సెక్రటరీగారు నెలాఖరున వచ్చి ఆ ఉప్పలగుప్తం కాపురం నిలబడిందా లేదా అని అడిగినప్పుడల్లా, ‘ఇంకా ఊగుతోందండీ’ అని చెప్పేవాణ్ణి. అబద్ధమేం కాదు. ఊగుతున్నది నేనే. ఆ తరవాత ఆ ఏడాదే నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆఖరి బుధవారం, క్యారేజీ విప్పకముందే సంగతి చెప్పేశాను. ఆవిడ గిన్నె చేతిలో అలాగే పట్టుకుని, ‘‘మరి మేమింకా బాగుపడలేదు కదరా’’ అంది.

బావ ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకుని బల్ల మీద పెట్టాడు. ‘‘ఊరుకోవే’’ అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, ‘‘మేం బాగుపడ్డాంరా. ఎప్పుడో బాగుపడ్డాం. నువ్వెళ్ళు, పర్లేదు’’ అన్నాడు. ఆ పూట రొయ్యలు పూర్తిగా తిన్నాను. ఎటునుంచి కొరకాలో అప్పటికి వచ్చేసింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేనూ పదిమంది కుర్రవాళ్ళకి ఆ పాఠాలే చెబుతుంటాను, ఆఖరి పాఠంతో మొదలుపెట్టి. సాయంత్రం ఫ్లాటుకి వచ్చి తాళం తీసుకుంటాను. ఇంట్లో నేనొక్కణ్ణే. (ఎందుకని అడిగితే పెద్ద గుండ్రం గీయాలి, వద్దులెండి.) వారానికోసారి, ఎక్కువగా బుధవారం, వాళ్ళ ఫోన్ వస్తుంది. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, మధ్యలో ఫోను పెట్టుకుని, స్పీకరు నొక్కుతారు. ‘తిన్నావా?’ అంటుంది అక్క. ఇంకా లేదంటాను. ‘చెప్పేను కదా, ఈ టైముకి చెయ్యొద్దని’ అంటాడు బావ. ‘మీరు చెప్పింది నిన్నండి’ అంటుంది ఆవిడ. అక్కడ మొదలు. నిన్నటి సంగతి, మొన్నటి సంగతి, చెరువు మోటారు, పక్కింటివాళ్ళ మేక, ఒక్కోటీ బయటికి వస్తుంది. కాసేపటికి నేను ఫోన్లో ఉన్నాననే మరిచిపోతారు.

ఈ వయసులో, ఇంత చదువు చెప్పుకుంటూ, నేను చేసే పని చూస్తే మీకూ నవ్వొస్తుంది. ఫోన్ పెట్టెయ్యను. స్పీకరు నేనూ నొక్కి, దాన్ని కంచం పక్కన పెట్టుకుంటాను. చప్పుడైతే నేనున్న సంగతి గుర్తొచ్చి, ‘అయ్యో, లైన్లోనే ఉన్నావా, సరే ఉంటాం మరి’ అని పెట్టేస్తారు. అందుకని వాళ్ళ పోట్లాట పూర్తయ్యేదాకా, చాలా నెమ్మదిగా అన్నం తింటాను.